అమ్మకు, బాపుకు కొత్త ఫోన్లు: సెలవు అయిపోకముందే సరిచేయాల్సిన సెట్టింగులు

తమ్మీ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. దుబాయ్ నుంచి సెలవు మీద కోరుట్ల దగ్గర మీ ఊరికి వస్తున్నావు, అమ్మకొకటి బాపుకొకటి తక్కువ ధరలో రెండు ఆండ్రాయిడ్ ఫోన్లు కొన్నావు, అమ్మ ఇన్నాళ్ళూ బటన్ల ఫోనే వాడింది, బాపు దగ్గర అద్దం పగిలిన పాత స్మార్ట్‌ఫోన్ ఉంది, ఇంట్లో వైఫై లేదు. నువ్వు తిరిగి వెళ్ళాక ఎవరి చుట్టూ తిరగకుండా వాళ్ళంతట వాళ్ళు వాడుకోవాలంటే ఏమేం మార్చి వెళ్ళాలి అని కదా. నాది జగిత్యాలలో ఫోన్ల రిపేరు షాపు. మా కౌంటరు దగ్గరికి పెద్దవాళ్ళు పట్టుకొచ్చే ఫోన్లలో చాలావాటికి అసలు రోగమే ఉండదు. ఏదో అప్‌డేట్ వచ్చి తెర రూపం మారిపోయి ఉంటుంది, వేలు తగిలి వాట్సాప్ గుర్తు ఎటో పోయి ఉంటుంది, రింగు సౌండు సున్నా అయి ఉంటుంది. నిన్న ఉన్నట్టు ఇవాళ లేకపోతే వాళ్ళకి భయం, ఆ భయంతో పక్కింటి పిల్లగాడి చేతికి ఇస్తారు, వాడు ఇంకో నాలుగు మారుస్తాడు. కాబట్టి నువ్వు చేయాల్సింది ఫోన్‌ని అందంగా తయారు చేయడం కంటే ముందు, అది దానంతట అది మారకుండా, ఊరికే ఏదో ఒకటి అడుగుతూ ఉండకుండా చేయడం. కింద చెప్పేదంతా దీని చుట్టే ఉంటుంది.

ఒక మాట ముందే. ఈ పని ఫ్లైట్ ఎక్కే ముందు రోజు రాత్రి పెట్టుకోకు. వచ్చిన మొదటి రెండు మూడు రోజుల్లోనే సెట్ చేసి వాళ్ళ చేతికిచ్చెయ్, తర్వాత వాళ్ళు ఎలా పట్టుకుంటున్నారో, ఎక్కడ ఆగిపోతున్నారో ఊరికే చూడు. సగం సెట్టింగులు నీకు అప్పుడే తెలుస్తాయి. ఇంకోటి, కంపెనీని బట్టి మెనూ పేర్లు మారతాయి, శాంసంగ్‌లో ఒకచోట ఉన్నది రెడ్‌మీలో ఇంకోచోట ఉంటుంది. సెట్టింగులు తెరవగానే పైన వెతికే డబ్బా ఉంటుంది, నేను చెప్పిన పేరు అందులో టైప్ చెయ్, దారి అదే చూపిస్తుంది.

మొదట జీమెయిల్. అందరూ తేలికగా తీసుకునేది, తర్వాత అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది ఇదే. కొన్న చోట షాపువాళ్ళే గబగబా ఒక కొత్త జీమెయిల్ చేసి, పాస్‌వర్డ్ ఏదో పెట్టి ఫోన్ చేతికిచ్చేస్తారు. ఆ ఐడీ ఏంటో బాపుకు తెలియదు, నీకు తెలియదు, ఆరు నెలల తర్వాత ఆ షాపు కుర్రాడికీ గుర్తుండదు. లాక్ మర్చిపోయి ఫోన్ రీసెట్ చేశారనుకో, పాత జీమెయిల్ పాస్‌వర్డ్ పెడితేనే తెరుస్తానని ఆగిపోతుంది. ఇది దొంగలను ఆపడానికి 2015లో ఆండ్రాయిడ్ 5.1తో పెట్టిన తాళం, మంచిదే, కానీ సొంత మనిషినే బయట నిలబెడుతుంది. అందుకని బాపు పాత ఫోన్‌లో ఏ జీమెయిల్ ఉందో చూసి దాన్నే కొత్తదాంట్లో పెట్టు, అమ్మకి కొత్తది చెయ్. రెండింటికీ రికవరీ నంబరుగా నీ నంబరు, రికవరీ మెయిల్‌గా నీ మెయిల్ ఇవ్వు. పాస్‌వర్డ్లు ఒక కాగితం మీద రాసి పట్టా పాసుపుస్తకం పెట్టే చోట పెట్టించు. కాగితం మీద రాయకూడదని ఎవరైనా అంటే వినకు. ఆన్‌లైన్ దొంగ మీ ఇంటి బీరువా తెరవలేడు.

దాంతోపాటే సిమ్ ఎవరి పేరు మీద ఉందో చూడు. మన దగ్గర చాలా ఇళ్ళలో అమ్మ నంబరు ఎప్పుడో మేనమామ ఆధార్ మీద తీసుకున్నదై ఉంటుంది. ఫోన్ పోయినప్పుడు అదే నంబరుకి మళ్ళీ సిమ్ కావాలంటే ఆ మేనమామే వేలిముద్ర వెయ్యాలి, ఆయన ఏ బహ్రెయిన్‌లోనో ఉంటాడు. కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ సైటులో నీ పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూసుకునే సదుపాయం ఉంది, నంబరు కొట్టి ఓటీపీ పెడితే చాలు. ఇంటిల్లిపాదివి ఒకసారి చూడు, తెలియని నంబరు ఏదైనా కనబడితే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. వేరేవాళ్ళ పేరు మీద ఉంటే ఈ సెలవులోనే మార్పించు. సిమ్‌కి పిన్ లాక్ పెట్టాలా అని కొందరు అడుగుతారు, పెద్దవాళ్ళకి నేనైతే పెట్టను. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే అనే ఇంకో కోడ్ అడుగుతుంది, అది పది సార్లు తప్పితే సిమ్ ఇక పనికిరాదు.

నంబర్ల సంగతి. అమ్మ బటన్ల ఫోన్‌లోవి సిమ్‌లో కొన్ని, ఫోన్‌లో కొన్ని ఉంటాయి. కాంటాక్ట్స్ యాప్‌లోకి వెళ్ళి సిమ్ నుంచి ఇంపోర్ట్ చెయ్, ఫోన్‌లోవి చేత్తో ఎక్కించక తప్పదు. ఇక ముందు ఏ నంబరు సేవ్ చేసినా గూగుల్ ఖాతాలోకే పోయేలా డిఫాల్ట్ పెట్టు. పేర్లు తెలుగులో రాయి, ముఖ్యమైన పదిమందికి ఫొటోలు పెట్టు. అమ్మకు చదవడం కష్టమైతే ఫొటో చూసి నొక్కుతుంది. హోమ్ స్క్రీన్ మీద ఖాళీ జాగాలో వేలు నొక్కి పట్టుకుంటే విడ్జెట్స్ అని వస్తుంది, అందులో డైరెక్ట్ డయల్ ఉంటుంది. నీ ఫొటో, చెల్లె ఫొటో, పక్కింటి ఎవరైనా నమ్మకమైన మనిషి ఫొటో అక్కడ పెడితే ఒక్క నొక్కుకే ఫోన్ కలుస్తుంది.

ఇప్పుడు కళ్ళు. అక్షరాల సైజు పెంచమని అందరూ చెబుతారు, చిక్కు ఏంటంటే అందరూ చివరిదాకా పెంచేస్తారు. సెట్టింగుల్లో రెండు వేర్వేరు గీతలు ఉంటాయి, ఫాంట్ సైజు ఒకటి, డిస్‌ప్లే సైజు ఒకటి. రెండూ చివరికి లాగితే బ్యాంకు యాప్‌లో కింద ఉండే బటన్ తెర దాటిపోయి కనబడనే కనబడదు, యాప్ చెడిపోయిందని మా దగ్గరికి తెస్తారు. డిస్‌ప్లే సైజు ఒక్క మెట్టు పెంచు, ఫాంట్ రెండు మెట్లు పెంచు, తర్వాత ఫోన్‌పే, వాట్సాప్, కరెంటు బిల్లు కట్టే యాప్ తెరిచి బటన్లన్నీ కనబడుతున్నాయా చూడు. తెలుగు అక్షరాలకి ఇంగ్లీషు కంటే కొంచెం పెద్ద సైజే కావాలి, ఒత్తులూ గుడులూ చిన్న సైజులో కలిసిపోతాయి కదా. బోల్డ్ టెక్స్ట్ అని ఇంకోటి ఉంటుంది, అది ఆన్ చేస్తే సైజు మరీ పెంచకుండానే బాగా కనబడుతుంది. నాకైతే ఫాంట్ పెంచడం కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది.

స్క్రీన్ ఆరిపోయే టైము చాలా ఫోన్లలో ముప్పై సెకన్లు ఉంటుంది, దాన్ని రెండు నిమిషాలు చెయ్. మెల్లగా చదివేవాళ్ళు మెసేజి సగంలో ఉండగానే తెర ఆరిపోతే మళ్ళీ లాక్ తీయాలి, రెండుసార్లు అలా అయితే చదవడమే మానేస్తారు. ఆటో రొటేట్ తీసెయ్. సాయంత్రం కాగానే నల్లగా మారే డార్క్ మోడ్ షెడ్యూలు ఉంటే అదీ తీసెయ్, నలుపో తెలుపో వాళ్ళకి ఏది బాగుందో అడిగి ఒక్కటే ఉంచు. ఎండలో పొలం దగ్గర చూడాలి కాబట్టి వెలుతురు ఆటోమేటిక్‌లో ఉంచడం మేలు.

వేళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోరు, నా ఉద్దేశంలో అసలైన తేడా ఇక్కడే ఉంది. బటన్ల ఫోన్ వాడినవాళ్ళు తెరని కూడా బటన్‌లాగే గట్టిగా నొక్కి పట్టుకుంటారు. ఫోన్ దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుంటుంది, యాప్ తెరవాల్సింది పోయి చిన్న మెనూ వస్తుంది, ఇంకాస్త జరిపితే గుర్తు అక్కడినుంచి కదిలిపోతుంది, కొన్ని ఫోన్లలో అన్‌ఇన్‌స్టాలే అయిపోతుంది. దీనికి యాక్సెసిబిలిటీలో టచ్ అండ్ హోల్డ్ డిలే అని ఉంది, దాన్ని లాంగ్‌కి మార్చు. ఈ ఒక్కటి మార్చాక అమ్మ చేతిలో ఫోన్ చూడు, నీకే తెలుస్తుంది. చేతులు వణికేవాళ్ళకి శాంసంగ్‌లో వెంటవెంటనే పడే నొక్కులను పట్టించుకోకుండా ఉండే సెట్టింగు కూడా ఉంది. తర్వాత హోమ్ స్క్రీన్ సెట్టింగుల్లో లేఅవుట్ లాక్ అని ఉంటుంది, శాంసంగ్, రెడ్‌మీ, రియల్‌మీ మూడింట్లోనూ చూశాను. మొదటి పేజీలో రోజూ వాడే ఏడెనిమిది యాప్‌లే ఉంచి, మిగతావన్నీ అక్కడినుంచి తీసేసి, లాక్ వేసెయ్. ఇక గుర్తులు ఎటూ పోవు.

చాలా కొత్త ఫోన్లలో కింద మూడు బటన్లు ఉండవు, వేలితో తోస్తేనే వెనక్కి పోవాలి, ఇది ఆండ్రాయిడ్ 10 నుంచి వచ్చిన పద్ధతి. మనకి అలవాటైపోయింది, వాళ్ళకి మాత్రం ఎక్కడ తోయాలో కంటికి కనబడదు. నావిగేషన్‌లో మూడు బటన్ల పద్ధతి పెట్టు. నువ్వు దుబాయ్ నుంచి ఫోన్లో చెప్పేటప్పుడు కూడా మధ్యలో ఉన్న గుండ్రంది నొక్కమ్మా అంటే సరిపోతుంది. పక్కనున్న పవర్ బటన్‌తో కాల్ కట్ అయ్యే సదుపాయం యాక్సెసిబిలిటీలో ఉంటుంది, అది ఆన్ చెయ్. అమ్మకి ఎర్ర బటన్ అలవాటు కదా, వేలికి తగిలేది ఒకటి ఉంటే కాల్ కట్ కాలేదేమోనన్న టెన్షన్ పోతుంది.

లాక్ విషయం. అమ్మ బీడీలు చుడుతుందన్నావు, బాపు పసుపు సాగు. అలాంటి చేతుల వేలిముద్రలు అరిగి ఉంటాయి, పింఛను దగ్గర మిషనే పట్టదు, ఇక ఫోన్ ఎంత. ఒకే బొటనవేలిని రెండుసార్లు, రెండు వేర్వేరు వేళ్ళు అన్నట్టు ఎక్కించు, ఎక్కించేటప్పుడు కొసలు, పక్కలు అన్నీ తగిలించు. పని తక్కువగా ఉన్న చేతి వేలు ఇంకోటి ఎక్కించు. తెర మీదే వేలిముద్ర పెట్టే ఫోన్ అయితే ముందు టెంపర్డ్ గ్లాస్ వేయించి తర్వాతే వేలిముద్ర ఎక్కించాలి, తలకిందులు చేస్తే ఒకరోజు పనిచేసి మరుసటి రోజు మొండికేస్తుంది. వేలిముద్ర ఉన్నా పిన్ గుర్తుండాలి, ఎందుకంటే ఫోన్ ఆపి ఆన్ చేసినప్పుడు, మూడు రోజులపాటు పిన్ కొట్టకపోయినప్పుడు తప్పకుండా పిన్ అడుగుతుంది. ఇది తెలియక ఫోన్ హ్యాక్ అయిందని కంగారుపడతారు. పుట్టిన సంవత్సరం, బండి నంబరు వద్దు. ముఖ్యంగా ఈ పిన్నూ యూపీఐ పిన్నూ ఒకటి కాకూడదు, బస్సులో వెనకనుంచి చూసినవాడికి రెండూ దొరికిపోతాయి.

ఇక నీ ఫోన్ వాళ్ళకి మోగడం. దుబాయ్‌లో వాట్సాప్ మెసేజిలు, ఫొటోలు పోతాయి గానీ వాట్సాప్ కాల్స్ పోవు, నువ్వు బోటిమ్ అనే కాల్స్ యాప్‌లోనే చేస్తావు. రెడ్‌మీ, వివో, ఒప్పో, రియల్‌మీ లాంటి ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి వెనక నడిచే యాప్‌లను చంపేస్తాయి, అప్పుడు నువ్వు ఎన్నిసార్లు చేసినా అక్కడ మోగదు, అమ్మ యాప్ తెరిచాకే మిస్డ్ కాల్స్ అన్నీ ఒకేసారి కనబడతాయి. దీనికి ఒక్కచోట మారిస్తే చాలదు. యాప్ గుర్తు మీద నొక్కి పట్టి యాప్ ఇన్ఫోలోకి వెళ్ళి, ఆటోస్టార్ట్ లేదా ఆటో లాంచ్ అని ఉంటే ఆన్ చెయ్, బ్యాటరీ అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టు, లాక్ స్క్రీన్ మీద కనబడే అనుమతి ఇవ్వు, కింద యాప్ వాడకపోతే అనుమతులు తీసేసే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆఫ్ చెయ్. శాంసంగ్‌లో అయితే ఎప్పుడూ నిద్రపోని యాప్‌ల జాబితా ఉంటుంది, అందులో చేర్చు. చేశాక ఊరికే నమ్మకు, అమ్మ ఫోన్ రెండు మూడు గంటలు పక్కన పడేసి, తెర ఆరిపోయి ఉన్నప్పుడు వేరే ఫోన్ నుంచి బోటిమ్ కాల్ చేసి చూడు. వాట్సాప్‌కి కూడా ఇదంతా చెయ్. మన ఊళ్ళలో ఒక మూఢనమ్మకం ఉంది, రీసెంట్ యాప్స్ అన్నీ రోజుకి పదిసార్లు తుడిచేస్తే ఫోన్ స్పీడ్ అవుతుందని. దాంతో ఏమీ ఒరగదు, పైగా కొన్ని ఫోన్లలో కాల్స్ రాకుండా పోయేది దానివల్లే. బాపుకి చెప్పు, వింటాడో లేదో.

కాల్స్ మోగకుండా చేసే డు నాట్ డిస్టర్బ్ తెలియకుండా ఆన్ అయిపోతుంటుంది, పైనుంచి కిందికి లాగినప్పుడు వేలు తగిలి. ఆ లాగే ప్యానెల్‌లోనుంచి ఆ గుర్తే తీసెయ్, ఎడిట్ నొక్కితే వస్తుంది, దాంతోపాటు ఏరోప్లేన్ మోడ్ గుర్తు కూడా. అయినా ఎప్పుడైనా ఆన్ అయితే నీ కాల్ పోకుండా, స్టార్ పెట్టిన కాంటాక్ట్స్‌కి మినహాయింపు ఇవ్వు, రిపీట్ కాలర్స్ అనేది ఆన్ చెయ్, పదిహేను నిమిషాల్లో రెండోసారి చేసినవాళ్ళ కాల్ మోగుతుంది. బాపుకి వినికిడి తక్కువైతే కాల్ వచ్చినప్పుడు ఫ్లాష్ లైటు వెలిగే సెట్టింగు ఉంది. రింగుటోను పాట పెట్టకు, మొదటి పది సెకన్లు నెమ్మదిగా ఉండే పాటలైతే బర్రెల కొట్టంలో వినబడవు. పాతకాలం టెలిఫోన్ గంట మోత పెట్టు.

చీకాకు పెట్టే ప్రకటనల గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. తక్కువ ధర ఫోన్లు తక్కువ ధరకి రావడానికి ఇదో కారణం, వాటిలో కంపెనీయే ప్రకటనలు పెట్టి పంపుతుంది. లాక్ స్క్రీన్ మీద రోజుకో బొమ్మ, వార్త వస్తుందే, కొన్నింట్లో దాని పేరు గ్లాన్స్, కొన్నింట్లో వాల్‌పేపర్ క్యారసెల్, కొన్నింట్లో లాక్ స్క్రీన్ మ్యాగజైన్. పేరు ఏదైనా ఆపెయ్. అమ్మ ఫోన్ తెరవబోతే ఆ బొమ్మ మీద వేలు పడి ఎక్కడికో పోతుంది. రెడ్‌మీలో పాస్‌వర్డ్స్ అండ్ సెక్యూరిటీ కింద ఆథరైజేషన్ అనేదాంట్లో ఎంఎస్ఏ అని ఉంటుంది, దాన్ని ఆఫ్ చేస్తే ఫోన్‌లోని ప్రకటనలు చాలావరకు తగ్గుతాయి. హాట్ యాప్స్, హాట్ గేమ్స్ అనే ఫోల్డర్లు ఉంటే ఆఫ్ చెయ్. కంపెనీ సొంత యాప్ స్టోరుకి నోటిఫికేషన్లు ఆపెయ్, డౌన్‌లోడ్ చెయ్యమని అదే రోజూ వెంటపడుతుంది.

వీటికంటే ముఖ్యమైంది క్రోమ్. ఏదో వార్త చదవడానికి సైటు తెరిస్తే నోటిఫికేషన్లు పంపమంటారా అని అడుగుతుంది, వాళ్ళు దారికి అడ్డం తొలగించుకోవడానికి అలో నొక్కేస్తారు. ఆ రోజునుంచి మీ ఫోన్‌లో 13 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే శుభ్రం చేయండి అని ఎర్రటి మెసేజిలు. అది వైరస్ కాదు, ఆ సైటు పంపే ప్రకటన, కానీ దాన్ని నొక్కితే నిజంగానే ఏదో ఒకటి దిగొచ్చు. క్రోమ్ సెట్టింగుల్లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్, అక్కడ మొత్తంగా ఆఫ్ చేస్తే ఇక ఏ సైటూ అడగనే అడగదు. నేను రిపేరుకి వచ్చిన ప్రతి పెద్దవాళ్ళ ఫోన్‌లో అడక్కుండానే చేసే పని ఇదొక్కటే.

డబ్బుల మాటకొస్తే, ఈమధ్య మోసాలు ఎక్కువగా ఏపీకే ఫైలుతో, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ దించే ఫైలుతో జరుగుతున్నాయి. వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ అనో, బండి చలాన్ అనో, పీఎం కిసాన్ డబ్బుల జాబితా అనో ఫైలు వస్తుంది, తెలిసినవాళ్ళ నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ళ ఫోన్ అప్పటికే మోసగాళ్ళ చేతిలోకి పోయి ఉంటుంది. నొక్కితే యాప్ దిగి, మెసేజిలు చదివే అనుమతి తీసుకుని, ఓటీపీలు అటు పంపిస్తుంది. సెట్టింగుల్లో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అని వెతుకు, ఏయే యాప్ బయటి యాప్‌లను దించగలదో జాబితా వస్తుంది. వాట్సాప్, క్రోమ్, ఫైల్ మేనేజర్, అన్నీ నాట్ అలౌడ్‌లో ఉండాలి. ప్లే స్టోర్‌లో చెడ్డ యాప్‌లను పట్టే ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడు. అయినా ఏదైనా ఫైలు నొక్కితే ఫోన్ ఒక హెచ్చరిక చూపించి సెట్టింగులకి వెళ్ళమంటుంది, ఆ తెర ఎలా ఉంటుందో నువ్వే ఒకసారి చూపించి, ఇది కనబడితే ఆపి ఫోన్ పక్కన పెట్టెయ్యమని చెప్పు.

వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి ఆరు అంకెల పిన్ ఇవ్వు, మెయిల్ దగ్గర నీది ఇవ్వు. గ్రూపుల్లో చేర్చేది మై కాంటాక్ట్స్ మాత్రమే అని పెట్టు. తెలియని నంబర్ల నుంచి వచ్చే వాట్సాప్ కాల్స్ మోగకుండా సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ ఆన్ చెయ్, పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్టు అని బెదిరించేవాళ్ళు ఎక్కువగా అటునుంచే వస్తారు. మామూలు ఫోన్ కాల్స్‌కి మాత్రం ఇలా పెట్టొద్దు, గ్యాస్ బండి అతను, ఆసుపత్రి వాళ్ళు, వ్యవసాయ అధికారి, అందరూ కొత్త నంబర్ల నుంచే చేస్తారు. అమ్మ వాట్సాప్‌ని నీ లాప్‌టాప్‌కి లింక్ చేసి పెట్టుకునే ఆలోచన ఉంటే మానుకో. కాపాడాలనే చేస్తావు, కానీ అమ్మ తన చెల్లెలితో మాట్లాడుకునేవి నీకెందుకు.

యూపీఐ గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. నువ్వు పంపే డబ్బు పడే ఖాతాని ఫోన్‌పేకి గానీ గూగుల్ పేకి గానీ కలపొద్దు. బాపుకి ఇంకో చిన్న ఖాతా తెరిపించు, దానిలో నాలుగైదు వేలు ఉంచి, దాన్నే కలుపు. ఏ సెట్టింగూ ఇంత రక్షణ ఇవ్వదు. చాయ్, కూరగాయలకి యూపీఐ లైట్ ఉంది, వెయ్యి రూపాయల లోపు పిన్ లేకుండా పోతాయి, అందులో ఒకేసారి ఐదు వేలకు మించి ఉంచలేరు, కాబట్టి పోయినా అంతే. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదని పదేపదే చెప్పు. 1930 నంబరుని సైబర్ పోలీస్ అని తెలుగులో సేవ్ చెయ్. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే దానికి చేస్తే, ముందుకు పోకుండా బ్యాంకులో ఆపించే అవకాశం ఉంటుంది. కొడుకుతో మాట్లాడాకే ఫిర్యాదు చేద్దాం అని నీ డ్యూటీ అయ్యేదాకా ఆగొద్దని ఇద్దరికీ చెప్పిపెట్టు.

ఇంట్లో వైఫై లేకపోవడం చిన్న విషయంలా కనబడుతుంది గానీ ఫోన్ కంపెనీలు, గూగుల్ అన్నీ వైఫై ఉన్న ఇల్లే మనసులో పెట్టుకుని తయారు చేస్తాయి. ప్లే స్టోర్ అప్‌డేట్లు మామూలుగా వైఫైలోనే అవుతాయి. వైఫై లేని ఇంట్లో ఏడాదైనా ఒక్క యాప్ అప్‌డేట్ కాదు, ఒకరోజు బ్యాంకు యాప్ పాత వర్షన్ పనిచేయదని మొహం మీద చెప్పేస్తుంది. ప్లే స్టోర్‌లో నెట్‌వర్క్ ప్రిఫరెన్సెస్‌లో ఏ నెట్‌వర్క్ మీదైనా అప్‌డేట్ అయ్యేలా మార్చు. గూగుల్ ఫొటోస్ బ్యాకప్‌కి మొబైల్ డేటా వాడమని చెప్పి రోజుకి కొంత పరిమితి పెట్టు. వాట్సాప్ బ్యాకప్ కూడా అంతే, వీడియోలు మినహాయించి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, ఇప్పుడు వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోకే లెక్క, గుడ్ మార్నింగ్ వీడియోలు అక్కడ నింపకు. అందుకే వాట్సాప్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్‌లో ఫొటోలు మాత్రం ఉంచి వీడియోలు తీసెయ్, యూట్యూబ్‌లో వీడియో క్వాలిటీ డేటా సేవర్ పెట్టు, రోజు డేటా మధ్యాహ్నానికే అయిపోకుండా ఉంటుంది. సిస్టమ్ అప్‌డేట్లు నువ్వున్నప్పుడే పక్క ఇంటి వైఫైలోనో నీ హాట్‌స్పాట్‌లోనో అన్నీ చేసెయ్, రూపం మారేదుంటే నీ కళ్ళ ముందే మారుతుంది. ఊళ్ళో 5జీ సిగ్నల్ వచ్చీపోతూ ఉంటే నెట్‌వర్క్ 4జీకి మార్చు, బ్యాటరీ సాయంత్రందాకా వస్తుంది.

భాష తెలుగు పెట్టాలా ఇంగ్లీషు ఉంచాలా అనేది బాపునే అడుగు. తెలుగు పెడితే నీ ఫోన్ కూడా ఒకసారి తెలుగులో తిప్పి చూసుకో, లేకపోతే అక్కడినుంచి దారి చెప్పలేవు. కీబోర్డుకి మాత్రం తెలుగు తప్పనిసరి. జీబోర్డులో, అంటే గూగుల్ కీబోర్డులో, తెలుగు చేర్చేటప్పుడు చేతిరాత అనే ఆప్షన్ ఉంటుంది, వేలితో పలక మీద రాసినట్టు రాస్తే అక్షరాలవుతాయి, నాలుగైదు తరగతులు చదివిన అమ్మలకి ఇది భలే నచ్చుతుంది. మైకు నొక్కి మాట్లాడితే తెలుగులో టైప్ అవుతుంది, యూట్యూబ్‌లోనూ అదే మైకు, నేర్పాల్సింది అదొక్కటి. అర్థంకాని తెర ఏదైనా వస్తే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో నీకు పంపడం ఇద్దరికీ నేర్పు, మూడు వేళ్ళతో కిందికి లాగితే వచ్చే ఫోన్ అయితే తేలిక. ఎవరైనా కస్టమర్ కేర్ అంటూ స్క్రీన్ చూపించే యాప్ దించమంటే మాత్రం ససేమిరా అనమను.

ఫోన్ పోయినప్పటి కోసం *#06# కొట్టి వచ్చే 15 అంకెల ఐఎంఈఐలు, అంటే ఫోన్ గుర్తింపు నంబర్లు రాసుకో, రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండు ఉంటాయి, బిల్లు ఫొటో కూడా నీ దగ్గర పెట్టుకో. పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ఈ నంబర్లతో సంచార్ సాథీలో ఫోన్‌ని బ్లాక్ చేయించొచ్చు, దొరికాక అన్‌బ్లాక్ కూడా. పోయిన ఫోన్ ఎక్కడుందో చూపే ఫైండ్ మై డివైస్ ఆన్ చెయ్, ఇప్పుడు దాని పేరు ఫైండ్ హబ్. పవర్ బటన్ ఐదుసార్లు నొక్కితే 112కి పోయే ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ చాలా ఫోన్లలో ఉంటుంది, జేబులో నలిగి దానంతట అదే పోకుండా కౌంట్‌డౌన్ ఉండేలా చూడు. ఎమర్జెన్సీ కాంటాక్ట్ దగ్గర అందరూ దుబాయ్‌లో ఉన్న కొడుకు నంబరు పెడతారు. నువ్వు ఏం చేయగలవు అక్కడినుంచి, పది నిమిషాల్లో ఇంటికి రాగలిగే మనిషిది పెట్టు. లాక్ స్క్రీన్ మీద కనబడే మెడికల్ ఇన్ఫోలో షుగరు, బీపీ మందుల పేర్లు రాయి. వరదలు, పిడుగుల గురించి పెద్ద మోతతో వచ్చే ప్రభుత్వ హెచ్చరికలు ఉంటాయి, వాటిని ఆపకు, అలా మోగితే భయపడొద్దని మాత్రం చెప్పు.

ఇంకొక్కటి. బాపు పాత ఫోన్‌ని కొత్తది రాగానే ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చెయ్యకు. వాట్సాప్ చాట్లు వచ్చాయా, ఫొటోలన్నీ వచ్చాయా, బ్యాంకు యాప్ కొత్తదాంట్లో రిజిస్టర్ అయిందా, అన్నీ చూసుకుని, నువ్వు వెళ్ళే వారం ముందు పాతదాంట్లో జీమెయిల్ తీసేసి, తర్వాత రీసెట్ కొట్టు. ఈ వరస తప్పితే కొన్నవాడు మొదట చెప్పిన జీమెయిల్ తాళం దగ్గరే ఆగి మళ్ళీ మీ ఇంటికే వస్తాడు. ఫోన్ మోడళ్ళు ఏంటో రాస్తే, ఆ మెనూల్లో ఏది ఎక్కడుందో చూసి చెప్తాను.